మరదలు వెతికిన ఇంటిపేరు

ఆసుపత్రి రికార్డుల గదిలో ఇరవయ్యెనిమిదేళ్ళుగా పనిచేస్తున్న ఆవిడను అందరూ 'భూతద్దం' అనేవారు. డాక్టర్లు తమ రాత తామే చదవలేక ఆవిడ బల్ల దగ్గరికి వచ్చేవారు. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని, కాగితాన్ని ముక్కుదాకా తెచ్చుకుని చదివి పెట్టేది.

ఆవిడ పుట్టింటి పేరు చాలా అరుదైనది. బడిలో హాజరు పిలిచే పంతులు అక్కడికి రాగానే తడబడేవాడు. పెళ్ళయ్యాక ఆ పేరు పోయి, వీధికి నలుగురికి ఉండే పేరొకటి వచ్చింది. ఆ అరుదైన పేరు తమ్ముడి భార్య పేరు ముందు చేరింది.

ఆ మరదలే, పాత రిజిస్టర్లు దొరికే వెబ్‌సైటులో ఆ ఇంటిపేరు కొట్టి చూసింది. నెల తిరిగేసరికి ముత్తాత తండ్రిదాకా వెళ్ళింది. ఆదివారం భోజనాలప్పుడు ఫోనులో వంశవృక్షం చూపిస్తుంటే తమ్ముడు పొంగిపోయాడు.

"మనవాళ్ళ సంగతి నాకే తెలీదక్కా. ఇది తవ్వి తీసింది చూడు."

ఆవిడకు చురుక్కుమంది. ఆ ఇంట్లో పుట్టింది తను, తవ్వి తీసేది మరదలా? పైగా వంశవృక్షంలో తన పేరు ఓ మూలన ఉంది. కొమ్మ అక్కడితో ఆగిపోయింది.

"వదినా, ఈ ఒక్క పేజీ నాకు కొరుకుడు పడలేదు. మీరైతే చదివేస్తారు," అంటూ మరదలు ఫోను చేతికిచ్చింది.

ముత్తాత తండ్రి పెళ్ళి రాసి ఉన్న రిజిస్టరు పేజీ అది, తడికి అలుక్కుపోయింది. రెండు వరుసలు చూడగానే ఆ రాత తనకు అందుతుందని ఆవిడకు తెలిసిపోయింది. "ఏమీ కనబడటం లేదమ్మా," అని ఫోను వెనక్కి ఇచ్చేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసు కంప్యూటరులో అదే పేజీ తెరిచి మొత్తం చదివింది. పెళ్ళికొడుకు పడవలు బాగుచేసే వడ్రంగి. ఇల్లరికం వచ్చి, అత్తవారి ఇంటిపేరే తన పేరు ముందు రాయించుకున్నాడు. అంటే ఆ పేరు ఓ కూతురి వెంట వచ్చిందన్నమాట. ఆవిడ ఆ వరుసను నాలుగుసార్లు చదువుకుంది. ఎవరితోనూ అనలేదు. మరదలు కనబడినప్పుడల్లా లోపల ఓ తృప్తి, దాని వెనకే ఓ గుబులు.

నెలన్నర తర్వాత మరదలు ఆ పేజీ చదివిపెట్టమని వెబ్‌సైటులోనే అందరినీ అడిగింది. ఎవరో పెద్దమనిషి వడ్రంగిని వంటవాణ్ణి చేసి, పెళ్ళికూతురి ఇంటిపేరు తెలియదని రాసేశాడు. మరదలు అతనికి ధన్యవాదాలు చెప్పి, వంశవృక్షంలో అదే ఎక్కించేసింది. అది చూసి ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. తనకు దక్కాల్సిన మెప్పు దారినపోయేవాడెవడో ఎత్తుకుపోయాడు. వెంటనే కూర్చుని ప్రతి వరుసా సరిగ్గా రాసి, అక్కడే తన పేరుతో పెట్టింది.

సాయంత్రం మరదలు ఫోను చేసింది. "వదినా, ఇది ఎప్పుడు చదివారు?"

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది. "భోజనాలప్పుడు చూపించావే, ఆరోజే కొంత. మర్నాడు మొత్తం."

"ఇన్నాళ్ళూ పిచ్చిదానిలా కళ్ళు పొడుచుకున్నాను."

"తెలుసు. నీ మీద కుళ్ళు. పుట్టినప్పటినుంచీ నాదైన పేరు నువ్వు పెట్టుకు తిరుగుతున్నావని."

"నేను వదిలేసి వచ్చిన పేరు నాకూ ఒకటుంది వదినా. అదేంటని మీరెప్పుడైనా అడిగారా?"

ఆవిడ గుర్తు తెచ్చుకోవాలని చూసింది. పెళ్ళి శుభలేఖ మీద చదివిన పేరే, ఎంతకీ తట్టలేదు.

తర్వాతి ఆదివారానికి వంశవృక్షంలో వడ్రంగి భార్య పేరు ఇంటిపేరుతో సహా చేరింది. తమ్ముడు మళ్ళీ తన భార్యనే మెచ్చుకున్నాడు. ఆవిడకు మళ్ళీ చురుక్కుమంది. అయినా కంచం పక్కకు జరిపి, మరదలి వైపు తిరిగింది.

"మీ పుట్టింటి పేరు చెప్పు. వాళ్ళ రిజిస్టర్లు కూడా చూద్దాం."