పార్సిల్‌లో వెళ్లిన ఒడిబియ్యం చీర

ఆ షాపింగ్ సైటును తయారుచేసినవాడు ఎప్పుడైనా నాకు ఎదురుపడితే, కుర్చీ వేసి కూర్చోబెట్టి, వాడి సైటులోనే వాడి చేత ఒక చీర కొనిపిస్తాను. అంతకంటే పెద్ద శిక్ష నాకు తోచడం లేదు.

నా భార్య పోయి రెండేళ్లు దాటింది. చంద్రపూర్‌లో మా రెండు గదుల ఇంట్లో అప్పటినుంచి నేనొక్కణ్నే. పొద్దున బండి మీద సాస్తి గనికి వెళ్తాను, కాటా దగ్గర బొగ్గు లారీల తూకం చూస్తాను, సాయంత్రం వచ్చి తాళం తీస్తాను. అక్కడ లారీవాళ్లతో అరిచి అరిచి గొంతు పోతుంది. ఇంటికొచ్చాక మర్నాడు పొద్దుటిదాకా ఒక్క మాట మాట్లాడే పని ఉండదు. ఉన్న ఒక్క చెల్లెలు మంచిర్యాలలో ఉంటుంది. రైలెక్కితే పెద్ద దూరమేం కాదు. నా భార్య కర్మ అయిన రోజు వెళ్లింది, మళ్లీ మా గడప తొక్కలేదు. పిలిచినప్పుడల్లా ఒక సాకు. ఒకసారి పిల్లల పరీక్షలు, ఒకసారి అత్తకు ఒంట్లో బాగాలేదు, ఒకసారి బండిలో జాగ దొరకలేదు. నాకు కోపం రాలేదని చెప్పను. వచ్చింది.

అందుకే ఈ ఏడు ఒడిబియ్యానికి పిలిచాను. మాలో ఐదేళ్లకోసారి ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు ఒడిలో పోసి, కొత్త చీర పెడతారు. తల్లిదండ్రులు లేకపోతే అన్నదమ్ములు ఆ పని చేయించాలి, బియ్యం పోసేది మాత్రం ముత్తైదువలు. ఏ ఆడబిడ్డా దానికి రానని అనదు. మా చెల్లెలు కూడా అనలేకపోయింది. "సరే అన్నా, ఆదివారం వస్త" అంది, నీళ్లు నములుతూ. నాకది చాలు. ఇంట్లో ఒక మనిషి తిరుగుతుంది, వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తుంది, ఎవరో ఒకరు నన్ను తిన్నావా అని అడుగుతారు.

ఇక చీర కొనాలి. బజారుకు పోవచ్చు. కానీ మేమెప్పుడూ కొనే దుకాణంలో నా భార్య ఏ మూల కూర్చునేదో నాకు తెలుసు. పది చీరలు విప్పించి పదకొండోది తీసుకునే మనిషి. ఆ సేటు "వహినీ రాలేదా" అని మరాఠీలో మా ఆవిడ గురించి అడిగితే ఏం చెప్పను? అందుకని ఆమె ఫోన్ తీశాను. ఆన్‌లైన్‌లో ఏం కొన్నా ఆమే కొనేది, ఖాతా కూడా ఆమెదే. తెరవగానే సైటు ఆమెనే పేరు పెట్టి పిలిచి "మళ్లీ స్వాగతం" అంది. కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

తర్వాత మొదలైంది అసలు బాగోతం. ఒక్కో చీర బొమ్మ పైనుంచి కిందికి గీతలు గీతలుగా దిగుతుంది. అంచు కనిపించేసరికి టీ చల్లారిపోతుంది. ఎరుపు అని నొక్కితే తిరిగి తిరిగి మొదటి పేజీకే తెచ్చి పడేస్తుంది. నచ్చినదాని మీద వేలు పెట్టేలోపు ఏదో తగ్గింపు ప్రకటన తెర నిండా వచ్చి కూర్చుంటుంది. దాన్ని మూసే గుర్తు చీమ తలకాయంత. పైగా నా భార్య ఆ సైటును తెలుగులో పెట్టుకుంది. ఆమె ఆదిలాబాద్‌లో తెలుగు చదువుకుంది. నేను ఇక్కడి మరాఠీ బడిలో చదివినవాణ్ని. తెలుగు రోజంతా మాట్లాడతాను, చదవాలంటే మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. ఇది రాయడానికి కూడా నా తిప్పలు నేను పడుతున్నాను. ఒక్కసారి నొక్కితే సైటు మరాఠీలోకి మారుతుంది. మార్చలేదు. ఆమె పెట్టుకున్నది నేనెందుకు మార్చాలి?

ఆ మొండితనమే కొంప ముంచింది. ఎర్ర అంచున్న పసుపుపచ్చ చీర ఒకటి నచ్చింది. చిరునామాలు రెండున్నాయి, పైన చెల్లెలిది, కింద మాది. చెల్లెలిది వెనక ఎప్పుడో మేనకోడలికి బట్టలు పంపినప్పుడు నా భార్య రాసి ఉంచినది. నేను మాది ఎంచుకుని, దాని కింద ఉన్నది చదువుతూ కూర్చున్నాను. రెండో వాక్యంలో ఉండగానే "మీ సమయం ముగిసింది" అని బయటికి గెంటింది. మళ్లీ వెళ్లి ఎంచుకున్నాను, మళ్లీ గెంటింది. తన పేజీ తెరవడానికి వాడికి ఎంతసేపైనా పట్టొచ్చు, చదువుకోవడానికి నాకు మాత్రం సమయం లేదు! మూడోసారి ఏమీ చదవలేదు. ఎక్కడ పచ్చగా కనిపిస్తే అక్కడ నొక్కుకుంటూ పోయాను. ఆర్డర్ అయిపోయింది. నేనే గెలిచాననుకున్నాను.

గురువారం డ్యూటీ నుంచి వచ్చేసరికి, పార్సిల్ అందజేశామని మెసేజ్. గేటు దగ్గర లేదు. పక్కింట్లో అడిగాను, లేదన్నారు. సైటు తెరిస్తే తెర మీద చక్రం తిరిగి తిరిగి ఆఖరికి చిరునామా చూపించింది. ఈసారి ప్రతి అక్షరం చదివాను. మంచిర్యాల. నన్ను బయటికి గెంటినప్పుడల్లా అది తనంతట తాను పై చిరునామాకు పోయి కూర్చుందన్నమాట. వాపసు ఇవ్వాలంటే కారణం ఎంచుకోమంది: రంగు వేరు, కొలత సరిపోలేదు, చిరిగింది. నా కారణం వాడి జాబితాలో లేదు. ఒడిబియ్యం చీరను ఆడబిడ్డ ఇంటికే పంపడమంటే, నువ్వు రానక్కర్లేదమ్మా, అక్కడే కట్టుకో అని చెప్పడమే.

నేను చేసేలోపే చెల్లెలి ఫోన్ వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అన్నా, చీర ముట్టింది. మస్తు మంచిగున్నది. దేవుని ముంగట పెట్టి కట్టుకున్న గూడ. గిట్ల పంపుడే మంచిగైంది. నువ్వొక్కనివి, గా తిప్పలన్ని ఏం పడ్తవ్?"

ఆమె గొంతు తేలికగా ఉంది. రెండేళ్లుగా నాతో మాట్లాడేటప్పుడు లేని తేలిక అది.

"నేను పంపలే చెల్లే. గా సైటు తప్పు జేసింది. నా ఇంటికి రావాల్సింది నీ ఇంటికొచ్చింది. నువ్వు ఆదివారం రావాలె."

"ఇంకెందుకన్నా, అయిపాయె గద."

"రాకుండ ఉండనీకి మంచి సాకు దొరికింది నీకు" అన్నాను. అనకూడదు, అనేశాను.

 

"సాకు కాదన్నా" అంది చెల్లెలు. "వదిన లేని ఇంట్లకు రావాలంటే నాకు భయమైతది. అందుకే వస్తలేను."

"నాక్కూడ భయమే చెల్లే. నేను రోజు గీ ఇంటికే రావాలె."

అవతల ఆమె ఏడ్చింది. ఇవతల నేనూ ఏడ్చాను, దాచుకోలేదు. చాలాసేపటికి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. తర్వాత, ఆదివారం తనకు బియ్యం పొయ్యడానికి ముత్తైదువలు ఎవరున్నారని అడిగింది.