వెండెల్ చదివే పై సగం

మా వెండెల్ ఉత్తరం చదవడు. ఉత్తరం నెత్తి చదువుతాడు, అంతే. ఎవరు పంపారు, ఎవరికి, ఎన్నింటికి బయల్దేరింది, ఏ ఏ కంప్యూటర్ల చేతులు మారింది, ఎక్కడ ఎంతసేపు కూలబడింది. కింద అసలు కబురుంటుందే, దాని జోలికి పోడు. సొంత అక్క పుట్టినరోజు కార్డు పంపినా కవరు మీద ముద్ర చూసి, "క్లీవ్‌లాండ్‌లో రెండ్రోజులు పడుకుందిది," అని బల్లమీద పడేశాడు.

ఒహాయోలో ఓ యూనివర్సిటీ కంప్యూటర్ గదిలో ఉత్తరాల పెత్తనం అతనిది. ఆ రోజుల్లో ఉత్తరం దానంతటది పోయేది కాదు. ఈ కంప్యూటర్ నుంచి ఆ కంప్యూటర్‌కి, అక్కణ్ణుంచి ఇంకోదానికి అని దారంతా పంపేవాళ్లే రాయాలి. ఒక్క పేరు తప్పిందా, గోడక్కొట్టిన బంతిలా వెండెల్ దగ్గరికొచ్చి పడేది. పైగా అతని తెర కింది సగానికి ఓ అట్టముక్క అంటించి ఉండేది.

"ఏమయ్యా, సగం పాడైన డబ్బా అంటగట్టారా నీకు?" అని గది ఊడ్చే ఓపల్ రోజూ దెప్పేది.

"నాకు పై సగం చాలు," అనేవాడు.

అక్కడ చదువుకునే నార్మన్, కాలిఫోర్నియాలో ఉన్న ఈడిత్‌ని పెళ్లాడతావా అని ఉత్తరం కొట్టాడు. పదకొండు రోజులైనా జవాబు లేదు. శుక్రవారం ఆ పిల్ల రెండేళ్ల పనికి అలాస్కా పోతోంది. బుధవారానికి నార్మన్ డోనట్ కూడా ముట్టడం మానేశాడు.

"ఫోను చెయ్యరాదూ నాయనా," అంది ఓపల్.

"కాదంటే చెవులారా వినాలి గదమ్మా."

వెండెల్ లేచొచ్చాడు. "ఏ దారి రాశావు?"

"నా బతుకు మునిగిపోతుంటే దారి అడుగుతారేంటి సార్?"

"డెన్వర్ మీదుగా రాశావు, నేను చూశాలే. పైగా విషయం అన్నచోట ఖాళీ వదిలావు. విషయం లేకుండా ఉత్తరమేంటయ్యా?"

"ఈయనకి గుండె బదులు తపాలా ముద్ర పెట్టి పంపారు," అని గొణిగింది ఓపల్.

గురువారం పొద్దుటినుంచీ వెండెల్ ఫోను వదల్లేదు. దారిలో ఉన్న ప్రతి కంప్యూటర్ మనిషినీ పట్టుకుని పీడించాడు. తీరా చూస్తే, నార్మన్ ఉత్తరం దాటాక డెన్వర్‌లో ఆ కంప్యూటర్ని పీకేశారట. ఈడిత్ జవాబు, ఉత్తరం పోయిన దారినే తిరిగొస్తూ, యూటాలో చిక్కుకుంది. దాన్ని టెక్సస్ మీదుగా తిప్పించి, మధ్యాహ్నానికి కాగితం పట్టుకొచ్చాడు. పైన నాలుగు వరుసలే కనిపిస్తున్నాయి. కింది భాగం మడిచి మూడు పిన్నులు కొట్టి ఉంది.

"ఏమని రాసింది సార్?" నార్మన్ చెయ్యి చాచాడు.

"నాకేం తెలుసు? నీకు కదా రాసింది."

ఓపల్ చీపురు ఆపింది. ఆరేళ్లుగా దారితప్పిన ప్రేమలూ తగవులూ జబ్బు కబుర్లూ అన్నీ ఈ మనిషి చేతిమీదుగానే పోయాయి. ఒక్కటంటే ఒక్కటి బయటికి పొక్కలేదు. ఆమె ఆ అట్టముక్క దగ్గరికెళ్లి, దెప్పకుండా దాని మీది దుమ్ము తుడిచింది.

నార్మన్ పిన్నులు పీకి, చదివి, నేలమీదే కూలబడ్డాడు. లేచి టకటకా ఏదో కొట్టడం మొదలెట్టాడు.

"టెక్సస్ మీదుగా రాయి. ఆ పిల్ల అలాస్కా విమానం ఎక్కేలోపు చేరుతుంది," అన్నాడు వెండెల్.

బయల్దేరేముందు ఆ ఉత్తరం నెత్తి తన తెరమీద చూసుకున్నాడు. ఎవరి నుంచి, సరే. ఎవరికి, సరే. దారి, సరే. విషయం: మన పెళ్లి.

కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఒప్పుకుందన్నమాట," అన్నాడు. "ఇదేదో మొదటిసారే పైన రాసుంటే, బుధవారం దాకా ఊరుకునేవాణ్ణా?"