ఎడమ ఎనిమిది, కుడి తొమ్మిది

పక్కింటి కాకా పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. పటాన్‌చెరులో నా చెప్పుల దుకాణం మెట్టెక్కుతూనే, "ఏం రా సేటూ, నా జోడు తయారా?" అనే గొంతు ఇక లేదు.

ఫ్యాక్టరీ షెడ్లకు రేకులు వేసే మేస్త్రీ ఆయన. పైకెక్కేముందు చెప్పులు విప్పి పక్కపక్కనే సర్దేవారు. "నేను దిగేదాక ఎదురుజూస్తయ్ రా ఇవి" అనేవారు. గడ్డపోతారంలో ఒకరోజు రేకు పగిలి పైనుంచి నిలువునా కాళ్ల మీద పడ్డారు. కుడి మడమ ఎముక నుజ్జయింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. కుట్ల అంచున చర్మం నల్లబడింది. మూడు నెలలు కాలు మోపొద్దన్నారు డాక్టరు.

రెండో నెలకే కర్ర పట్టుకుని వచ్చారు.

"బూట్లియ్యి రా. కొత్త ఫ్యాక్టరీల పని దొరికింది. బూట్లు లేకుంటే గేటు దాటనియ్యరంట."

"పుండు మానలే గద కాకా?"

"నువ్వు చెప్పులమ్ముతవా, సూదులేస్తవా? కుడికి కట్టుంది, జెర పెద్దది తియ్యి. పైకెక్కుడు లేదు, కింద నిలబడి పని చెప్పుడే."

నవ్వేశాను. రెండు డబ్బాలు విప్పి, ఎడమకు ఎనిమిది, కుడికి తొమ్మిది నా చేతులతోనే తొడిగి లేసు బిగించాను.

వారానికి కుట్లేసిన చోటు మళ్లీ విచ్చుకుంది. చీము ఎముకకు పట్టి ప్లేటు తీసేశారు. ఏం తగిలిందని డాక్టరు అడిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను. "బాత్రూం గడప సారూ" అన్నారు కాకా, నా వైపు చూడకుండా. నేనూ నోరు విప్పలేదు.

మళ్లీ ఆయన రేకెక్కలేదు. మడమ వెడల్పైపోయి, ఆ తర్వాత ఏటా ఆయన జోడు ఎడమ ఎనిమిది, కుడి తొమ్మిదే అయింది. పుండు మానేది, మళ్లీ కారేది. నా దుకాణం ముందు స్టూలు మీద కూర్చుని, దారిన పోయేవాళ్ల కాళ్లు చూసి సైజు చెప్పేవారు. ఒకసారి ఉండబట్టలేక, "ఆ బూట్లు నేనియ్యకుంటే..." అన్నాను.

"ఇంకో దుకాణంల కొంటుంటి. ఊకో. అగో, ఏడో నంబరు వస్తుంది, సూడు."

ఈ వానాకాలం ఆ పుండు విషమే రక్తంలోకెక్కి ఆయన్ను తీసుకుపోయింది.

ఆయన పేరున పంతులుకు దానమిచ్చే చెప్పుల కోసం మొన్న చిన్నమ్మ, కాకా భార్య, వచ్చింది. అలవాటుగా నా చెయ్యి రెండు డబ్బాల మీదికి పోయింది.

"వద్దు బిడ్డా. రెండూ ఎనిమిదే ఇయ్యి. ఆడన్న సక్కగ నడుస్తడు."

ఒక్క డబ్బా ఇచ్చి పంపాను. ఇన్నేళ్లుగా మిగిలిన ఎడమ తొమ్మిదులు, కుడి ఎనిమిదులు అటక మీద పక్కపక్కనే ఉన్నాయి, ఎవరో దిగొస్తారని ఎదురుచూస్తున్నట్టు.