ఆదివారం కళ్లం

మిల్లు గేటు ఇంకా వంద గజాల దూరంలో ఉండగానే ఉడికిన ధాన్యం వాసన తగిలింది. నానిన గోనెసంచీ, పొంగిన గంజి, కాస్త పులుపు కలిసిన వాసన అది. ఉప్పుడు బియ్యం మిల్లుల పక్కన పెరిగిన వాళ్లకి తప్ప ఎవరికీ నచ్చదు. నాకైతే ఆకలి వేస్తుంది. కానీ మొన్న ఆదివారం పొద్దున ఆ వాసన అక్కడ ఉండకూడదు. తాడేపల్లిగూడెంలో ఈ మిల్లువాళ్లు డ్రయ్యర్ మెషిన్ పెట్టుకుని ఏళ్లయింది. పూర్వం ధాన్యం ఎండబెట్టిన సిమెంటు కళ్లం ఖాళీగా పడి ఉంటే, వాళ్లని అడిగి, ఆదివారాలు చుట్టుపక్కల ఆడపిల్లల చేత అందులో బాల్ బ్యాడ్మింటన్ ఆడిస్తున్నాను. స్కూటర్ ఆపి చూస్తే కళ్లం నిండా ఆవిర్లు కక్కుతున్న ధాన్యం. డ్రయ్యర్ చెడిపోయిందట. పది మంది పిల్లలు బ్యాట్లు చంకలో పెట్టుకుని గోడవారగా నిలబడి ఉన్నారు. నా స్కూటర్ డిక్కీలో తెల్ల పెయింటు డబ్బా, బ్రష్షూ ఉన్నాయి. కోర్టు గీతలు శాశ్వతంగా వేసేద్దామని ఆ రోజు తెచ్చాను. కాంతమ్మ పిన్నిగారు గుర్తొచ్చారు. గుర్తొచ్చి సిగ్గేసింది.

మాది ఏలూరు. మా నాన్నగారిది సున్నం, పెయింట్ల దుకాణం. పెళ్లయి గూడెం వస్తే అత్తవారిదీ అదే వ్యాపారం. నా నుదుట రంగులు తప్ప ఇంకేమీ రాసినట్టు లేదు. నేను పదో తరగతి చదివే రోజుల్లో ఏలూరులో ఆడపిల్లకి ఆదివారం అంటే తలంటు, టీవీ, మధ్యాహ్నం నిద్ర. మరీ ముచ్చటపడితే ఇంటిల్లిపాదితో ఓ సినిమా, వచ్చే దారిలో మిరపకాయ బజ్జీ. మగపిల్లలకి గ్రౌండ్లున్నాయి, కాలవగట్లున్నాయి, ఎక్కడికెళ్లావని అడగని ఇళ్లున్నాయి. మాకు డాబా ఉంది. నేనూ, నా స్నేహితురాలు మాధురీ డాబా మీద బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాళ్లం. పసుపురంగు ఉన్ని బంతి అది, గాలి ఎటు తోస్తే అటు పోతుంది. ఒకటికి రెండుసార్లు పక్కింటివాళ్ల ఆవకాయ జాడీలో పడబోయి తప్పింది.

ఒక ఆదివారం బంతి మా వెనక గోడ దాటి, అవతల ఉన్న ఉప్పుడు బియ్యం మిల్లు కళ్లంలో పడింది. తెచ్చుకుందామని వెళ్తే, అంత పెద్ద కళ్లంలోనూ ఒక్క మనిషి చీపురు పట్టుకుని నిలబడి ఉన్నారు. సన్నగా, పొడుగ్గా, కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని. ధాన్యం ఎండబెట్టే ఆడకూలీలకి ఆవిడ మేస్త్రి అని మాకు తెలుసు. మా ఇంట్లో ‘కాంతం’ అనేవారు. ఆవిడ బంతి చేతిలో తిప్పి చూసి, బ్యాట్ ఇమ్మని అడిగి, ఒక్క దెబ్బకి దాన్ని తిరిగి మా డాబా మీదకి పంపించారు. మేం నోళ్లు తెరిచాం.

“మండవల్లి దగ్గర మా ఊళ్లో ఎనిమిదో తరగతి దాకా ఆడానమ్మా. ఆ డాబా మీద బంతి నిలబడుద్దా? ఇక్కడికి రండి,” అన్నారు.

“ఎవరూ ఏమీ అనరాండీ?” అని మాధురి అడిగింది.

“ఆదివారం బాయిలర్‌కి సెలవు. అయ్యగారిని నేనడుగుతాను. ఇంత చదును నేల ఏలూరు మొత్తం మీద ఎక్కడుందమ్మా? ఖాళీగా ఉంటే చూడలేక నా ఒళ్లు మండుద్ది. ఒక్క మాట. నన్ను పేరు పెట్టి పిలిచినా, పిన్ని అన్నా మీ ఇష్టం. ‘ఏయ్’ అని మాత్రం పిలవొద్దు.”

ఆ రోజు నుంచి మాకు ఆవిడ పిన్నిగారు. నెల తిరిగేసరికి మా వీధుల నుంచి పన్నెండు మంది ఆడపిల్లలం పోగయ్యాం. పిన్నిగారు చేపల వలల దారంతో నెట్ అల్లి తెచ్చారు. ధాన్యం తిరగేసేటప్పుడు ఆడవాళ్లు పాదం ఎత్తకుండా ఈడుస్తూ, సాళ్లు తీస్తూ నడుస్తారు. ఆ నడకే మా చేత ప్రాక్టీసు చేయించేవారు. దానివల్ల మా ఆట ఎంత బాగుపడిందో చెప్పలేను గానీ, చెప్పులు మాత్రం చాలా అరిగాయి. ఆట అయ్యాక గట్టు మీద కూర్చోబెట్టి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కలిపిన మరమరాలు పెట్టేవారు. ఆ గంటలో మేం నవ్వినంత నవ్వు వారం మొత్తం మీద నవ్వేవాళ్లం కాదు. సోమవారం స్కూల్లో కూర్చుని వచ్చే ఆదివారానికి ఎన్ని గంటలుందో లెక్కపెట్టేదాన్ని.

ఆవిడ దగ్గర ఒకే ఒక్క చాదస్తం ఉండేది. కోర్టుకి గీతలు గియ్యనిచ్చేవారు కాదు. కొబ్బరితాడు పరిచి, మూలమూలకి ఇటుక పెట్టి, అదే గీత అనేవారు. ఆట ముందు ఊడవాలి, ఆట తర్వాత తాడు చుట్టేసి మళ్లీ ఊడవాలి. “రేపు ఈ నేల మీద తిండిగింజ పడుద్దమ్మా,” అనేవారు. ఆ తాడుకి తట్టుకుని నేను ఎన్నిసార్లు బోర్లా పడ్డానో.

గూడెం స్కూలు ఆడపిల్లలు మాతో మ్యాచ్ ఆడటానికి వస్తామని కబురు పంపినప్పుడు నాకు ఆ తాడే పెద్ద అవమానంగా తోచింది. వాళ్లది సరైన కోర్టు. మేమేమో బట్టలారేసుకునే తాడు మధ్యలో గెంతుతున్నట్టు ఉంటుంది. మ్యాచ్ ఇంకా నాలుగు వారాలుంది. ఆ ఆదివారం సాయంత్రం, పిన్నిగారు వెళ్లిపోయాక, మా దుకాణం నుంచి సున్నం తెచ్చి, కలిపి, కుంచెతో కోర్టు మొత్తం గీశాను. సున్నం అమ్ముకునే వాళ్ల పిల్లని కదా, గీత వంకర పోలేదు. గోడ ఎక్కి చూసుకుని మురిసిపోయాను.

మర్నాడు తెల్లారకుండానే తడి ధాన్యం పరిచేశారు. సాయంత్రం ఎత్తేసరికి ధాన్యం నిండా తెల్లటి చారలు. వేడి ధాన్యానికి సున్నం పట్టేస్తే బియ్యం రంగు మారిపోతుందని, వాసన వస్తుందని నాకు అప్పుడే తెలిసింది. కళ్లంలో ధాన్యమంతా మళ్లీ కడిగి, మళ్లీ ఎండబెట్టాల్సి వచ్చింది. పిన్నిగారితో పాటు ఆ ఆడవాళ్లందరూ ఎండలో అదే పని రెండోసారి చేశారు. మంగళవారం పిన్నిగారు మా వెనక గోడ దగ్గరకి వచ్చి పిలిచారు.

“ఎవరు గీశారని అయ్యగారు అడుగుతున్నారమ్మా.”

“మీరే చెప్పండి పిన్నిగారూ, పిల్లలు తెలీక చేశారని.”

“తెలీక చేశావా?”

నేను గోడ పెచ్చు గిల్లుతూ నిలబడ్డాను.

“నేను చెబితే గీసినవాళ్లు దాక్కున్నారంటారు, కళ్లం పోద్ది. నువ్వెళ్లి చెబితే తిట్లు పడతాయి. తిట్లు తినడమే తేలిక. పద.”

తిట్లు తేలికేమీ కాదు. మిల్లు యజమాని గొంతు పెంచలేదు గానీ, నేను చెప్పిందంతా విని, మా నాన్నగారి పేరు అడిగి, తల పంకించి, “కళ్లంలో ఒక్క తెల్లచుక్క కనబడకుండా గోకండమ్మా. గోకే దాకా సగం కళ్లం వదిలేసి మిగతా సగంలో ఎండబెట్టుకుంటాం. అప్పటిదాకా బ్యాట్ పట్టుకుని ఎవరూ గేటు దాటొద్దు,” అన్నారు. బయటికి వచ్చాక నాకు ఏడుపూ, రోషమూ కలిసి వచ్చాయి. మ్యాచూ వద్దు, కళ్లమూ వద్దు, మా డాబా మాకుందిలెండి అన్నాను. పిన్నిగారు నన్ను బుజ్జగించలేదు. ఆదివారం తయారుగా ఉండమని మాత్రం అన్నారు.

ఆ ఆదివారం మా అమ్మని అడిగి, నన్నూ మాధురినీ కైకలూరు బస్సెక్కించి వాళ్ల ఊరు తీసుకెళ్లారు. కొల్లేటి మీదుగా వెళ్తుంటే కిటికీలోంచి ఒకటే నీటి వాసన, దూరంగా గుంపులు గుంపులుగా పక్షులు. షికారుకి వచ్చామనుకుని మేం సంబరపడ్డాం. ఊళ్లోకి వెళ్లాక చుట్టాల ఇంటికి కాకుండా ముందు ఒక చేపల చెరువు గట్టు మీదకి తీసుకెళ్లి నిలబెట్టారు.

“మా గ్రౌండు ఇదేనమ్మా. అదిగో, ఆ కొంగ వాలిన కర్ర ఉంది చూడు, అక్కడ నెట్ కట్టేవాళ్లం.”

నీళ్లు తప్ప ఏమీ లేవు. మాధురి నా చెయ్యి పట్టుకుంది.

“ఏమైందండీ?” అన్నాను.

“ఆసామి చెరువు తవ్వించుకున్నాడు. ఆయన నేల, ఆయన ఇష్టం. పిల్లల్ని ఆడుకోనిచ్చినన్నాళ్లు ఇచ్చాడు. తప్పేముంది?”

“మీరెవరూ అడగలేదాండీ, ఇంకో చోటు చూపించమని?”

“అడగాలని ఎవరికీ తోచలేదు. గట్టు మీద నిలబడి తవ్వుతుంటే చూశాం. ఆ మరుసటేడు నాకు పెళ్లి చేశారు.” చెరువు వైపు నుంచి నా వైపు తిరిగారు. తర్వాత, మామూలు గొంతుతోనే, “ఈసారి నేను నిలబడి చూడనమ్మా. కొబ్బరిపీచు నేను తెస్తాను, నువ్వు బకెట్ తెచ్చుకో,” అన్నారు.

ఇన్నేళ్లలో నాకు ధైర్యం చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల మాటలన్నీ కలిపినా ఆ బకెట్ మాటకి సరితూగవు. ఆవిడంటే నాకు ప్రేమ కలిగింది ఆ గట్టు మీదే. అంతకుముందు ఉన్నది మరమరాల మీద ఇష్టం.

మర్నాటి నుంచి స్కూలు అవగానే, ధాన్యం ఎత్తేశాక, చీకటి పడేదాకా గోకుడు. మొదట నేనూ మాధురీ, తర్వాత ఒక్కొక్కరే మిగతావాళ్లు. పిన్నిగారు పగలంతా పనిచేసిన మనిషి, ఇంటికి పోకుండా మా పక్కన కూర్చుని గోకేవారు. నాలుగో రోజు అన్నం తింటుండగా నాన్నగారు నా వేళ్లు చూశారు. అప్పటికే ఆయనకి సంగతి చేరింది.

“మిల్లులో నేల గోకుతున్నావట. ఇవాళ్టితో ఆ ఆటలు కట్టిపెట్టు.”

“గీసింది నేను నాన్నగారూ. పోయేదాకా వెళ్తాను. తర్వాత మీరేమన్నా సరే.”

ఆయనకి ఎదురు చెప్పడం నాకదే మొదలు. అమ్మ వడ్డిస్తున్న గరిటె గాల్లో ఆగిపోయింది. నాన్నగారు పెరుగన్నం ముగించి, చెయ్యి కడుక్కుని వచ్చి అన్నారు: “పీచుతో గోకితే సిమెంటు మీద సున్నం పోతుందా? ఇన్నాళ్లు దుకాణంలో కూర్చుని ఏం నేర్చుకున్నావు? ముందు చింతపండు నీళ్లు పోసి నాననివ్వు. రేపు వైర్ బ్రష్షులు పట్టుకెళ్లు.” తప్పుడు సామాను వాడటం చూసి ఓర్చుకోగలిగిన వ్యాపారి కాదాయన. ఆటలు కట్టిపెట్టమన్న మాట మళ్లీ ఎత్తలేదు.

మ్యాచ్‌కి రెండు రోజుల ముందు మిల్లు యజమాని కళ్లమంతా వంగి వంగి నడిచి చూశారు. ఒక్కచోట ఆగి, గోటితో గీకి, “ఇది పావురం రెట్టలే,” అని వెళ్లిపోయారు. గేటు తెరిచారు.

గూడెం పిల్లలు వచ్చి తాడు చూసి నేననుకున్నట్టే నవ్వారు. నవ్వి, రెండు గేముల్లోనూ మమ్మల్ని చిత్తుగా ఓడించారు. సినిమాల్లోలా మేం పుంజుకున్నదీ లేదు, ఏమీ లేదు. వాళ్లలో ఒకమ్మాయి తాడుకి తట్టుకుని బోర్లా పడ్డప్పుడు మాత్రం నా ప్రాణానికి హాయిగా అనిపించిన మాట వాస్తవం. ఆట అయ్యాక అందరం కలిసి మరమరాలు తిన్నాం. నేను మొహం ముడుచుకుని కూర్చుంటే పిన్నిగారు తాడు చుడుతూ, “ఓడిపోతే పోయాం. కళ్లం ఉంది కదా. వచ్చే ఆదివారం ఎన్నింటికి వస్తారు?” అన్నారు.

తర్వాత నాలుగేళ్లు, నా పెళ్లి దాకా, నేను ఒక్క ఆదివారం మానలేదు. ఆ తర్వాత ఏలూరు మిల్లులోనూ డ్రయ్యర్ వచ్చింది. కళ్లం మీద గోడౌను కట్టారు. పిన్నిగారికి పని పోయింది. మండవల్లి వెళ్లిపోతూ గూడెంలో మా ఇంటికి వచ్చి, ఒక గోనెసంచిలో కొబ్బరితాడు ఇచ్చి, కాఫీ తాగి వెళ్లారు. ఎక్కడైనా చదును నేల కనబడితే అడుగు, సిగ్గుపడకు అన్నారు. ఆవిడ చనిపోయి రెండేళ్లయింది. ఈ మిల్లు కళ్లం చూసి గేటు లోపలికి వెళ్లి అడిగింది ఆవిడ పోయిన నెలలోనే.

అలాంటిదాన్ని పెయింటు డబ్బాతో వచ్చాను. పిల్లల్లో హరిణి అనే అమ్మాయి నెల రోజులుగా పోరుతోంది. మీదే పెయింట్ల షాపు, ఇక్కడ ధాన్యం ఎవరూ పొయ్యరు, ఇంకా ఈ తాడేంటి మేడమ్ అని. నాకూ నిజమే అనిపించింది. తాడుకి తట్టుకుని పడే వయసు కూడా దాటిపోయింది.

“ఇవాళ ఆట లేనట్టేనా మేడమ్?” అంది హరిణి. పిల్లల మొహాలు వాడిపోయి ఉన్నాయి. వారమంతా కాలేజీ, ట్యూషన్లు. వాళ్లకున్నది ఈ ఒక్క పూట.

కళ్లం మీద ముగ్గురే ఆడవాళ్లు ధాన్యం తిరగేస్తున్నారు. వాళ్లలో పెద్దావిణ్ని అడిగాను. “కుప్ప చెయ్యడం ఎన్నింటికవుద్దండీ?”

“నాలుగింటికి అవ్వాలండి. మనుషుల్లేరు కదండీ, ఆరైపోద్దేమో.”

నేను చెప్పులు విప్పి ధాన్యంలోకి దిగాను. పాదాలు చుర్రుమన్నాయి. పాదం ఎత్తకుండా ఈడుస్తూ, సాలు తీస్తూ ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాను. కాళ్లు మర్చిపోలేదు. తిరిగి చూస్తే హరిణి నా సాలు పక్కనే నడుస్తూ వస్తోంది. దాని వెనక మిగతా అందరూ, కాళ్లు కాలి గంతులేస్తూ, ఒకరి మీద ఒకరు పడి నవ్వుతూ. పెద్దావిడ “గంతులెయ్యకండమ్మా, గింజ చితుకుద్ది,” అని కేకేసింది. ఎండెక్కాక పిల్లలు ఇళ్లకి పోయి, తిని, మూడింటికల్లా అందరూ మళ్లీ వచ్చారు. నేను ఆ ఆడవాళ్లతో పాటు అక్కడే ఉండిపోయాను.

నాలుగున్నరకి ధాన్యం ఒక మూల కుప్పై, దాని మీద పట్టా పడింది. ముప్పాతిక కళ్లం బయటపడింది. హరిణి వంగి నేల తడిమి చూసింది. ఇంకా వేడిగా ఉంది.

“పోయినవారమే మనం పెయింటు వేసేసి ఉంటే, మేడమ్?”

“ఈ వేడికి ఊడి బియ్యంలో కలిసేది.”

అది లేచి చేతులు దులుపుకుంది. చీపుళ్లు ఎక్కడున్నాయో పెద్దావిణ్ని అడిగి తెచ్చింది. ఊడవడం మొదలెట్టాక ఎవరో గీతల మాటెత్తారు. డిక్కీ వైపు నడిచాను. డబ్బా, బ్రష్షూ తప్ప అందులో ఏమీ లేవు. ఇంక తాడు పని అయిపోయిందనుకుని, పొద్దున దాన్ని ఇంట్లో మేకుకి తగిలించి వచ్చాను.

“మీరు ఊడుస్తూ ఉండండి. పావుగంటలో తాడు తెస్తాను,” అని స్కూటర్ తీశాను.