యాదగిరి కుడికన్ను

ఇన్నేళ్లుగా ఈ మాట నా గొంతులో ముల్లులా ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. నా పేరు అడగకండి. వినండి చాలు.

తెలంగాణ ఉద్యమం రోజులు. కోస్తా నుంచి వచ్చిన మాకు దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద స్వీట్ల దుకాణం ఉండేది. బంద్ రోజు షట్టర్ సగం దించి, కిందనుంచి బేరం చేయడం మా వీధిలో అందరికీ అలవాటే. ఆ రోజూ అదే చేశాం. రాళ్లు పడ్డాయి. నాన్న నుదురు చిట్లి, రక్తం జాంగ్రీల పళ్లెంలోకి కారింది. నాకు ఒళ్లు తెలియలేదు. షట్టర్ లాగే ఇనుప కొక్కెం పట్టుకుని పక్క సందులోంచి రోడ్డు మీదికి ఉరికాను. ఎవడో మా షట్టర్ పట్టుకుని ఉన్నాడు. ఎత్తుతున్నాడనుకున్నాను. వెనకనుంచి తల మీద బలంకొద్దీ కొట్టాను. ఎముక అదురు నా మోచేతిదాకా వచ్చింది.

కిందపడ్డాక ముఖం కనిపించింది. యాదగిరి! చైతన్యపురి కోచింగ్‌లో నా పక్కన కూర్చునేవాడు. డాక్టర్ కావాలని పెద్ద అంబర్‌పేట్ నుంచి రోజూ వచ్చేవాడు. వాడు షట్టర్ ఎత్తడం లేదు. రాళ్లు వేసే గుంపు దుకాణం మీదికి వచ్చేలోగా మా కోసం దించుతున్నాడు.

అంతలో పోలీసులు లాఠీలతో, టియర్ గ్యాస్‌తో విరుచుకుపడ్డారు. కొక్కెం పారేసి వాణ్ణి లోపలికి మోసుకొచ్చాను. తలకు తగిలింది పోలీసు లాఠీ దెబ్బ అనుకున్నాడు వాడు. అనుకోనిచ్చాను.

"అరేయ్, నువ్వు ఇద్దరి లెక్క కనవడుతున్నవ్ రా. దవాఖానకు పోదామా?"

వాడి ముందు వేలు పెట్టి మెల్లగా వాడి కుడివైపుకి జరిపాను. ఎడమకన్ను వేలి వెంట వెళ్లింది. కుడికన్ను మధ్యలోనే ఆగిపోయింది. మెదడు నుంచి వచ్చే నరాల్లో కన్ను బయటికి తిప్పేది ఆరోది, ముక్కువైపు చూస్తూ కిందికి దించేది నాలుగోది, తక్కిన కదలికలన్నీ మూడోదానివి. ఇద్దరం కలిసే బట్టీపట్టాం. దెబ్బ ఆరో నరానికి తగిలిందని నాకు తెలుసు. దవాఖానకు వెళితే దేనితో కొట్టారని అడుగుతారనీ తెలుసు.

"గ్యాస్ ఘాటురా. పడుకుంటే తగ్గిపోతుంది."

"గంతేనా?"

"అంతే."

వాడు నమ్మి కళ్లు మూసుకున్నాడు. వాంతులై స్పృహ తప్పాకే తీసుకెళ్లాం. తల లోపల రక్తం చేరింది, ముందే తేవాల్సింది అన్నారు డాక్టర్లు. ప్రాణం దక్కింది. కన్ను మాత్రం తిరగలేదు. అక్షరాలు రెండేసి కనబడుతుంటే పుస్తకాలు మూసేశాడు. మెడిసిన్ సీటు నాకొచ్చింది.

కోపంలో కొట్టానని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో. మరి వేలు చూపించినప్పుడు? అప్పుడు కోపం ఎక్కడుంది? ఆ కాస్త చదువునీ వాడి మీదే వాడుకున్నాను కదా. నేను పిరికివాణ్ణి, అంతకన్నా నీచుణ్ణి.

మొన్న ఎల్‌బీ నగర్‌లో కలిశాం. కుడిపక్కన నేనుంటే నన్ను చూడటానికి వాడు ముఖమంతా తిప్పాలి. అలాగే తిప్పి, తన కూతురికి నన్ను చూపించాడు. "గీ అంకుల్ లేకుంటే ఆ దినం నేను సచ్చెటోణ్ని బిడ్డా" అన్నాడు. ఆ పిల్ల నాకు దండం పెట్టింది. నేను ఆశీర్వదించాను.

వాడికి చెప్పలేదు. చెబుతానో లేదో తెలియదు. మీకు చెబుతున్నాను: కొట్టింది నేను. తెలిసీ పడుకోబెట్టింది నేను. ఈ రెండు మాటలూ బయటపడ్డాక గుండె కాస్త తేలికైంది. అలా తేలికైనందుకూ సిగ్గుగానే ఉంది.