కంప్యూటర్లకు కేస్‌షీటు రాసిన సిస్టరమ్మ

సిస్టరమ్మ పోయింది. పోయిన సోమవారం పొద్దున్నే ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయిందట. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు దవాఖానలో నర్సుగా ఎందరికో చాకిరీ చేసిన మనిషి, తన వంతు వచ్చేసరికి చూసిపోదామని వచ్చి పక్కగదిలో పడుకున్న కూతురిని కూడా లేపకుండా వెళ్లిపోయింది. ఫోన్ పెట్టేసి మా అత్తమ్మకు చెబితే ఆమె నమ్మలేదు. "నిన్న మాపటికి గేటు కాడ నిలవడి నాతోని మాట్లాడింది గదనే! బీపీ గోలి ఏసుకున్నవా అక్కా అని అడిగింది" అంది. తరువాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

వరంగల్‌లో మాది జంపఖానాలు నేసే వాడ. ఒకప్పుడు ఇంటింటా మగ్గం ఉండేది. ఇప్పుడు మగ్గాలు తగ్గాయి, కంప్యూటర్లు పెరిగాయి. మగ్గం మొరాయిస్తే మావాళ్లు తిట్టుకుంటూనే బాగుచేసుకుంటారు. కంప్యూటర్ మొరాయిస్తే మాత్రం అందరం సిస్టరమ్మ ఇంటికే పరుగెత్తేవాళ్లం. నర్సుకు కంప్యూటర్ వైద్యం ఎట్లా వచ్చిందని మీరు అడగొచ్చు. కోపం నుంచి వచ్చింది.

రిటైరైన కొత్తలో ఆమె ఇంటి కంప్యూటర్ ఒకరోజు ఆన్ కాలేదు. బాగుచేయడానికి వచ్చినాయన పక్కన నిలబడి ఆమె ఏదో అడగబోతే, "మేడం, ఇది మీకు అర్థంగాదు, మీరు లోపల కూసోండ్రి" అన్నాడట. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. "మనిషి పెయ్యి అర్థమైంది నాకు, గీ డబ్బ అర్థంగాదా?" అని ఆ రోజు నుంచి పట్టుబట్టింది. వీడియోలు చూసింది, నోట్సు రాసుకుంది, తన కంప్యూటర్‌ను తానే విప్పింది, మళ్లీ బిగించింది. మొదటిసారి బిగించాక రెండు మరలు మిగిలిపోయాయట. "ఆపరేషన్ల కత్తెర లోపల మర్సిపోయినట్టు గాదుగా, బయటనే మిగిలినయి, నయం" అని తానే చెప్పి నవ్వేది.

ఆమె వైద్యం చూసి తీరాల్సిందే. ఎవరింటికి పోయినా ముందు చేతులు కడుక్కునేది. గాజులు, గడియారం తీసి పక్కన పెట్టేది. చుట్టూ మూగిన ఇంటిల్లిపాదినీ "అటెండర్లందరు బయటికి నడువుండ్రి" అని వెళ్లగొట్టి, కంప్యూటర్ యజమాని ఒక్కరినే ఉంచుకునేది. కుర్చీ వేసినా కూర్చునేది కాదు. వంగి డబ్బాకు చెవి ఆనించి లోపల ఫ్యాను తిరిగే చప్పుడు వినేది. తరువాత సంచిలోంచి పొడుగాటి పుస్తకం తీసి కేస్‌షీటు రాసేది. ఎప్పటి నుంచి బాధ, చివరిసారి ఎప్పుడు మంచిగా ఉంది, నిన్న ఏం పెట్టారు, ఎవరు ముట్టుకున్నారు, అన్నీ. తెర మీద వచ్చిన ఇంగ్లిష్ అక్షరాలను పొల్లు పోకుండా రాసుకున్నాకే మీట మీద వేలు పెట్టేది. మనలాగా కనిపించిన మీటనల్లా టకటకా నొక్కితే ఆమెకు ఒళ్లు మండేది. "అది ఏం జెప్తాందో ముందుగాల సదువు. నీ బాధ తర్వాత జెప్పు" అనేది. "బయపడ్డ చెయ్యితోని సూది ఇయ్యొద్దు" అనేది ఇంకో మాట.

మా ఎదురింట్లో ఒక రిటైర్డ్ కండక్టర్ ఉన్నాడు. ఒకసారి ఆయన కంప్యూటర్ అప్‌డేట్ అవుతోందని తెర మీద చక్రం తిరగడం మొదలైంది. ఆయనకు ఓపిక తక్కువ. పది నిమిషాలకోసారి ప్లగ్గు పీకడం, మళ్లీ పెట్టడం. అట్లా నాలుగుసార్లు అయ్యాక అది పైకీ లేవక, పూర్తిగా పడుకోక మధ్యలో వేలాడింది. సిస్టరమ్మ వచ్చి అంతా రాసుకుని, ఏవో రెండు మీటలు నొక్కి, స్టూలు తెచ్చుకుని సరిగ్గా ప్లగ్గు ముందు కూర్చుంది. పేపరు తెరిచింది. మూడు గంటలు అక్కడి నుంచి కదలలేదు. కండక్టర్ అటు రాబోయినప్పుడల్లా పేపరు మీది నుంచి చూసి, "రోగి నిద్రపోతాండు. మీరు టికెట్లు కొట్టుకోపోండ్రి" అనేది. సాయంత్రానికి కంప్యూటర్ కులాసాగా లేచి కూర్చుంది. ఆ ఇంట్లో ఆమెకు దొరికింది రెండు కప్పుల చాయ్. అంతకు మించి ఏ ఇంట్లోనూ తీసుకోలేదు.

ఒకసారి ఓడిపోయింది కూడా. వాడ చివర ఒక సాయిబుల ఇంట్లో పెద్దమ్మాయి పెళ్లి ఫోటోలన్నీ ఉన్న డిస్కు నిజంగానే చచ్చిపోయింది. ఇంకో రెండు రోజులు చూద్దామని వాళ్లను మభ్యపెట్టలేదు. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, "పోయింది బేటా. ఫికర్ జేయకు, ఇంకో తొవ్వ సూద్దాం" అంది. మర్నాటి నుంచి పెళ్లికి వచ్చిన ప్రతి ఇంటికీ తిరిగి, వాళ్ల ఫోన్లలో మిగిలిన ఫోటోలు అడిగి తెచ్చింది. నూటికి పైగా పోగయ్యాయి. వాటిలో సగం బిర్యానీ ఫోటోలే. ఆ అమ్మాయి ఇప్పటికీ వాటిని చూసి పడీ పడీ నవ్వుతుంది.

ఇక మా ఇంటి కథ. ఇది ఇన్నాళ్లు ఎవరికీ చెప్పలేదు.

నేను కంప్యూటర్‌లో జంపఖానా డిజైన్లు గీస్తాను. గళ్ల కాగితం మీద గీసినట్టే, ఒక్కో గడికి ఒక్కో రంగు. ఆ డిజైన్లు నావి కావు, అత్తమ్మవి. ఆమెకు కళ్లు సరిగ్గా కనపడవు. చిన్నప్పుడు తండ్రి పక్కన మగ్గం మీద చూసిన పాత అంచులు, పూలు అన్నీ ఆమె వేళ్లకు గుర్తు. చిరిగిన పాత జంపఖానా ఒడిలో పెట్టుకుని తడుముతూ, "ఆరు ఎర్ర, రెండు నల్ల, మల్ల ఆరు ఎర్ర. ఆగాగు, ఈడ ఒక తెల్ల ఉండాలె" అని చెబుతుంటే నేను గళ్లు నింపేదాన్ని. రెండేళ్లు అట్లా కూర్చుని నలభైకి పైగా డిజైన్లు గీశాం. కూరగాయల ధర దగ్గర కూడా పేచీ పడే అత్తాకోడళ్లం, ఆ గంట మాత్రం ఒద్దికగా ఉండేవాళ్లం. అవన్నీ ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉన్నాయి. కాపీ పెట్టుకోవాలన్న తెలివి అప్పటికి నాకు లేదు.

దసరా వచ్చింది. ఆయుధపూజ రోజు మగ్గానికీ, బండికీ, కుట్టుమిషన్‌కూ బొట్లు పెట్టి, అత్తమ్మ కంప్యూటర్ దగ్గరికి కూడా వచ్చింది. అదంటే ఆమెకు అన్నిటికన్నా ఎక్కువ ప్రేమ. పసుపు, నెయ్యి కలిపిన అక్షింతలు గుప్పెడు తీసి నిండు మనసుతో చల్లింది. మర్నాడు ఆన్ చేస్తే రోజూ వచ్చే తెర రాలేదు. నీలం రంగు తెర మీద ఏవో ఇంగ్లిష్ పట్టికలు వచ్చి నిలబడిపోయాయి. ఎన్నిసార్లు ఆపి పెట్టినా అదే.

డబ్బా ఒక్కటే ఒడిలో పెట్టుకుని ఆటోలో హన్మకొండలో ఒక షాపుకు తీసుకుపోయాను. అక్కడ నిక్షేపంలా ఆన్ అయింది. ఇంటికి తెచ్చి పెడితే మళ్లీ నీలం తెర. రెండోసారి మోసుకుపోయాను. అక్కడ మళ్లీ మంచిగా ఆన్ అయింది. ఇక వాడలో తలా ఒక మాట. దిష్టి అన్నారొకరు. నిమ్మకాయ కట్టాం. కంప్యూటర్ దక్షిణం చూస్తోంది అన్నారింకొకరు. బల్ల తిప్పాం. షాపాయన విసిగిపోయి, "రేపు పొద్దుగాల తెచ్చి ఇడువుండ్రి, మొత్తం తుడిసి కొత్తగ ఎక్కిస్త. ఉన్నయన్ని పోతయి మరి" అని ఫోన్లో చెప్పాడు. సరేనన్నాను. ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదు. అత్తమ్మ పాత జంపఖానాలు మడిచి పెట్టెలో పెట్టేసుకుంది. అది చూశాకే నాకు ఏడుపొచ్చింది.

సిస్టరమ్మ అప్పుడు కూతురి దగ్గర హైదరాబాద్‌లో ఉంది. వాడవాళ్లు ఫోన్లో సంగతి చెప్పారట, సాయంత్రం నాలుగింటికి బస్సు దిగి, సంచి ఇంట్లో పడేసి నేరుగా మా ఇంటికే వచ్చింది. చేతులు కడుక్కుంది. అత్తమ్మను చాయ్ పెట్టమని పంపేసింది. నేను ముక్కు చీదుకుంటూ చెప్పిందంతా రాసుకుంది. రాసింది మళ్లీ చదువుకుని, కలం చెవిలో పెట్టుకుని అడిగింది.

"దవాఖానల మంచిగుంటాంది, ఇంటికొస్తే పడుతాంది. గట్లనే గదా?"

"అవును సిస్టరమ్మా. రెండుసార్లు."

"ఇగ రోగం రోగికి లేదు బిడ్డా, ఇంట్ల ఉన్నది. దవాఖానకు రాకుంట ఇంట్లనే ఉన్నదేంది?"

ఆమె కీబోర్డు చేతిలోకి తీసుకుంది. బల్ల మీద పేపరు పరిచి, దాన్ని బోర్లించి, పాలు తాగిన పసిబిడ్డ వీపు తట్టినట్టు మెల్లగా తట్టింది. బిస్కెట్ పొడి రాలింది. ఒక వెంట్రుక రాలింది. తరువాత టపటపా అక్షింతలు రాలాయి. ఒక్క గింజ మాత్రం రాలలేదు. డిలీట్ అని రాసి ఉన్న మీట పక్క సందులో నెయ్యితో అంటుకుని, ఆ మీటను నొక్కి పట్టుకుని కూర్చుంది. ఆన్ చేసేటప్పుడు ఆ మీట నొక్కి ఉంటే మా కంప్యూటర్ లోపలి సెట్టింగుల తెరలోకి పోతుందట. పిన్నీసుతో ఆ గింజను లాగి, కీబోర్డు తగిలించి ఆన్ చేసింది. రోజూ వచ్చే తెర వచ్చింది. డిజైన్లన్నీ ఉన్నాయి.

నేను ఆనందంతో అరవబోతే ఆమె నా నోరు మూసింది. వంటింటి వైపు చూసింది. నాకూ అప్పుడే తట్టింది. మా అత్తమ్మ సంగతి వాడంతటికీ తెలుసు. ఎప్పుడో తన మరిది పెళ్లిలో తాను వండిన పప్పులో ఉప్పు ఎక్కువైందని, ఇరవై ఏళ్లయినా కూరలో తన చేత్తో ఉప్పు వేయదు. ఇప్పుడు తన అక్షింతల వల్లే ఇంత జరిగిందని తెలిస్తే ఇక ఈ గదిలో అడుగు పెట్టదు. నా పక్కన కూర్చోదు. ఆరు ఎర్ర, రెండు నల్ల అని చెప్పేవాళ్లుండరు. డిజైన్లు దొరికీ ఏం లాభం?

అత్తమ్మ చాయ్ పట్టుకొచ్చేసరికి సిస్టరమ్మ పేపరు మడిచి సంచిలో పెట్టుకుంది. "ఏమైందట?" అని అడిగింది అత్తమ్మ.

"ఏముందక్కా, నీ కోడలు బిస్కెట్లు తినుకుంట పనిజేస్తాంది. పొడంత పోయి సందుల ఇరికింది" అంది సిస్టరమ్మ, నావైపు చూడకుండా. నేను తల దించుకున్నాను. అత్తమ్మ వారం రోజులు నన్ను తిట్టింది. "సోయి లేకుంట తింటానవ్, నీ బిస్కెట్ల మీద మన్నువొయ్య" అని. అంత కమ్మటి తిట్లు నేను జన్మలో తినలేదు.

ఆ సాయంత్రమే సిస్టరమ్మ నాతో డిజైన్లన్నీ రెండు పెన్‌డ్రైవ్‌లలోకి కాపీ చేయించింది. ఒకటి మా బీరువాలో, ఒకటి తన బీరువాలో. "పానాన్ని ఒక్క పెయ్యిలనే పెట్టొద్దు బిడ్డా. దేవుడంటే పెట్టిండు, మనం పెట్టొద్దు" అంది. తరువాత నాకు ఒక్కొక్కటీ నేర్పింది. ఇప్పుడు మా ఇంటి కంప్యూటర్‌కే కాదు, పక్కింటి వాటికి కూడా నేనే కేస్‌షీటు రాస్తాను. చేతులు కడుక్కునే రాస్తాను.

మంగళవారం ఆమె మట్టికి అత్తాకోడళ్లం ఇద్దరం పోయాం. వాడంతా వచ్చింది. కండక్టర్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చర్చివాళ్లు పాటలు పాడారు, ప్రార్థన చేశారు, తలా పిడికెడు మట్టి వేశాం. తిరుగు ప్రయాణంలో ఆటోలో అత్తమ్మ బయటికి చూస్తోంది. నేను ఇంక దాచలేక చెప్పేశాను. "అత్తమ్మా, ఆ దసరాకు చెడగొట్టింది బిస్కెట్లు గాదు. నీ అక్షింతలు. నువ్వు బాధపడ్తవని మేమే చెప్పలే."

అత్తమ్మ తల తిప్పలేదు. "నాకెరుకనే" అంది.

"ఎట్ల?"

"ఆనాడే జెప్పింది సిస్టరమ్మ. గేటు దాకా సాగనంపవోతే జెప్పింది. 'నీ అక్షింతలే అక్కా. కని నీ కోడలు నీకోసం తిట్లు తినేటందుకు తయారుగున్నది, తిననియ్యి' అన్నది. ఇగ నేను కంప్యూటర్ దిక్కే పోనన్న. ఎంత కోపానికొచ్చిందనుకున్నవ్! 'తప్పు సూది ఇచ్చిన నర్సు మల్ల సూది పట్టకుంటే దవాఖాన నడుస్తదా? రేపు పొద్దుగాల పోయి ఆ పిల్ల పక్కన కూసో' అన్నది. గందుకే కూసున్న."

నాకు అప్పుడు గుర్తొచ్చింది. "మరి వారం దినాలు నన్ను తిడితివి గదా?"

"తిట్టకుంటే నీకు అనుమానం రాదా మరి? నాలుగో రోజుకు తిట్లు ఒడిసిపోయినయే. సిస్టరమ్మ ఇంటికి పోయి రెండు కొత్తయి అడుక్కొచ్చిన."

అంతే. మొదట ఎవరు నవ్వారో తెలియదు. అత్తమ్మ నా భుజం మీద వాలి, పొట్ట పట్టుకుని, కళ్లలో నీళ్లు కారుతుంటే నవ్వింది. నేను ఆపుకోవాలని కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ఆటో డ్రైవరు అద్దంలో మమ్మల్ని రెండుమూడుసార్లు చూశాడు. పాట సౌండ్ కాస్త పెంచి, తానూ నవ్వుతూ, "ఏ పెండ్లికి పోయొస్తాన్రమ్మా?" అని అడిగాడు.

"పెండ్లి గాదు బిడ్డా, మట్టికి. మా సిస్టరమ్మది" అంది అత్తమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

పాపం, ఆయన చటుక్కున పాట ఆపేశాడు. మేమే ఆగలేకపోయాం.