క్యూబులమ్మకు మూడో ఉత్తరం

మా ఆడపడుచును ఆఫీసులో అందరూ క్యూబులమ్మ అంటారు. మొహం మీద కాదులెండి, వెనకాల. కట్టడాల్లో పోసే కాంక్రీటు గట్టిదో కాదో తేల్చే ల్యాబులో ఆమె ఇంజినీరు. పోసిన రోజే కొంత కాంక్రీటు తీసి, ఇనుప అచ్చుల్లో నింపి దిమ్మలు చేస్తారు. ఆ దిమ్మలే క్యూబులు. వాటిని నాలుగు వారాలు నీళ్ల తొట్టిలో ఉంచి, ఆ తర్వాత మిషన్‌లో పెట్టి పగిలేదాకా నొక్కుతారు. చాలా ఏళ్లుగా ఆమె చేసే పని ఇదే. ఇంటికొచ్చేసరికి కనుబొమల మీద కూడా సిమెంటు దుమ్ము ఉంటుంది. మాట కూడా ఆ దుమ్ములాగే గరుకు. నేను కాపురానికొచ్చిన కొత్తలో నా వంట ఎలా ఉందని అడిగితే, కూరలో ఉప్పెక్కువైంది, మిగతాది బాగుంది అంది. మిగతాదంటే అన్నం. అది తను వండిందే.

ఆమెకు ఒక్కటే కోరిక, విదేశంలో పై చదువు. పగలగొట్టడం వచ్చింది గాని, లోపల పగులు ఎలా పుడుతుందో, ఎటు పాకుతుందో తనకు సరిగా తెలియదని బాధ. ఆ విషయం మీదే పనిచేసే యూనివర్సిటీ ఒకటి వెతికి పట్టుకుంది. కిందటేడు దరఖాస్తు పెడితే తిప్పి కొట్టారు. ఈసారి దానితోపాటు మరో నాలుగింటికి పెట్టింది. ఇప్పుడూ రాకపోతే ఇక ఆ ఊసెత్తనని అన్నం తింటూ మామూలుగా చెప్పింది. అన్న మాట మీద నిలబడే మనిషి కాబట్టి నాకు భయమేసింది.

దరఖాస్తుకు మూడు సిఫారసు ఉత్తరాలు కావాలి. మన దగ్గర ఆ వ్యవహారం ఎలా నడుస్తుందో తెలిసిందే. చదువు చెప్పిన పెద్దమనిషి దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడితే, "నువ్వే రాసి పంపించమ్మా, సంతకం పెట్టేస్తాను" అంటాడు. కాలేజీ మాస్టార్లు ఇద్దరూ ఆ మాటే అన్నారు. సొంత డబ్బా కొట్టుకోవడం మావాళ్ల వంశంలోనే లేదు. మా ఆయన పెళ్లిచూపుల్లో తన జీతం కూడా తగ్గించి చెప్పాడు. ఈవిడ రెండు రోజులు కూర్చుని రాసింది చూస్తే, వేళకు వస్తుంది, పరికరాలు శుభ్రంగా ఉంచుతుంది, లెక్కల్లో తప్పులు తక్కువ. ఇది సిఫారసు ఉత్తరమా, ఫ్రిజ్జు గ్యారంటీ కార్డా అని అడిగాను.

నేను హైస్కూల్లో భాష చెప్పే టీచర్ని. చేతిలో విద్య ఉంచుకుని ఊరుకుంటానా? నేనే రాశాను. నూటికో కోటికో ఇలాంటి విద్యార్థి దొరుకుతుందన్నాను. ఆమె అడుగుపెట్టిన క్లాసు ధన్యమన్నాను. చదువుకుంటూ ఆమె పంటి నొప్పి వచ్చినట్టు మొహం పెట్టింది. మాస్టార్లిద్దరూ మాత్రం చదవకుండానే సంతకాలు పెట్టి పంపేశారు.

మూడో ఉత్తరం ల్యాబు పెద్దసారుది కావాలి. అక్కడే వచ్చింది తంటా. ఆయన నోట మెచ్చుకోలు ఎవరూ విని ఎరగరు. అది సరే, అసలు గొడవ వేరే ఉంది. అంతకు రెండేళ్ల క్రితం ఆయన ఇల్లు కట్టుకున్నాడు. కింది పిల్లర్ల క్యూబులు మూడు పరీక్షకు ఈమె దగ్గరికే వచ్చాయి. మూడూ ఉండాల్సిన బలానికి చాలా ముందే పగిలిపోయాయి. పక్క టేబులాయన దగ్గి, సారుగారి ఇల్లు కదా, కాస్త చూసి రాయమన్నాడు. పెద్దసారే వచ్చి మళ్లీ ఒకసారి చూడమన్నాడు. చూడటానికేం మిగల్లేదు సార్, మూడూ పిండైపోయాయి అంది ఈ మహాతల్లి. ఫెయిలని రాసి ఇచ్చేసింది. ఆయన పిల్లర్లకే రంధ్రాలు చేయించి, తీసిన ముక్కలకు మళ్లీ పరీక్ష పెట్టించాడు. అదీ ఫెయిలే. పిల్లర్లు కొట్టించి మళ్లీ పోయించాడు. ఇల్లు ఏడాది ఆలస్యమైంది. ఆ తర్వాత ఆయన ఈమెతో పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు.

అయినా తప్పదు. ఏళ్ల తరబడి చేసిన ఉద్యోగానికి పై అధికారి ఉత్తరం లేకపోతే ఈ ఏడాది నుంచి ఆ యూనివర్సిటీ దరఖాస్తే తీసుకోదు. వెళ్లి అడిగింది. ఆయన కూడా రాసుకు రమ్మన్నాడు. హమ్మయ్య అనుకుని మూడో ఉత్తరం మరింత ఘనంగా రాసిచ్చాను. ఇంటి సంగతి అందులో లేకుండా జాగ్రత్తపడ్డాం. మానిన పుండు ఎవరు కెలుక్కుంటారు?

ఆయన చదివాడు. ఆ ముగ్గురిలో చదివింది ఆయనొక్కడే. మడిచి తిరిగి ఇచ్చేసి, దీని మీద సంతకం పెట్టనన్నాడు. మా ఆడపడుచు ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. ఏడిస్తే ఓదార్చవచ్చు, ఈవిడ ఏడవదు. నేనే ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. కక్ష మనసులో పెట్టుకుని, అదను చూసి దెబ్బ కొట్టాడన్నాను.

మర్నాడు భోజనాల వేళ ఆయనే పిలిచాడట. అక్కడ జరిగింది ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. కంప్యూటర్లో యూనివర్సిటీ వాళ్ల పేజీ తెరిచి ఉంది. ఆయన ఒక వేలితో టైపు చేస్తున్నాడు.

"మా ఇంటి పిల్లర్ల సంగతి నువ్వు తెచ్చిన కాగితంలో ఎందుకు లేదు?" అన్నాడు.

"మీకు బాగుండదని, సార్."

"ఆ రోజు మాత్రం నాకు బాగుందా?"

కోపం పోలేదా సార్ అని ఆమె అడిగింది, అడిగాక నాలుక కరుచుకుంది.

"పోలేదు. అద్దె ఇంట్లో ఏడాది ఎక్కువున్నాం. మా ఆవిడ ఇప్పటికీ నీ పేరెత్తితే టీవీ సౌండు పెంచుతుంది." కాసేపు కీబోర్డు మీద ఏదో అక్షరం వెతుక్కున్నాడు. "కోపం వేరు, ఇది వేరు. ఆ పిల్లర్ల మధ్య గదిలోనే మా మనవరాలు పడుకుంటుంది. అది రాస్తున్నాను."

రాసి, మొత్తం చదివి వినిపించాడట. మనవరాలి మాట ఉంది. దానితోపాటు, ఈమెకు మెత్తగా మాట్లాడటం తెలియదనీ, కాంట్రాక్టర్లతో ఓపిక తక్కువనీ కూడా ఉంది. ఇంతవరకు మీ దగ్గర పనిచేసినవాళ్లలో ఈమె స్థానమేమిటని ఆ పేజీలో అడిగితే పై గడి వదిలేసి రెండోదానికి టిక్కు పెట్టాడు. ఇది నీకు ఇష్టమైతేనే పంపిస్తాననీ, కాకపోతే పక్క డిపార్ట్‌మెంటాయనా పై అధికారే, ఏది తెచ్చినా సంతకం పెడతాడనీ అన్నాడు. ఈమె పంపించమంది.

ఆ సాయంత్రం ఇదంతా విని నేను నెత్తి కొట్టుకున్నాను. పోటీ పడి అందరూ ఆకాశానికెత్తేస్తుంటే ఈయన లోపాలు రాసి పెడతాడా? ఇక సీటు వచ్చినట్టే అన్నాను. "నన్ను నిజంగా చూసి రాసింది అదొక్కటే, వదినా. దాంతో రాకపోతే రాకపోనీ" అంది. అప్పుడేడ్చింది. ఇన్నేళ్లలో ఆమె ఏడవడం నేను మొదటిసారి చూశాను. ఏం చేయాలో తోచక కాఫీ పెట్టాను.

నాలుగు చోట్ల రాలేదు. తను కోరుకున్న చోట వచ్చింది, అక్కడి ల్యాబులో పనితో సహా. ఏ ఉత్తరం పనిచేసిందో వాళ్లు చెప్పరు. నా ఉత్తరాలే అని నేను ఇప్పటికీ ఇంట్లో వాదిస్తూ ఉంటాను, ఎవరూ ఒప్పుకోరు.

కబురు రాగానే ఆమె సారు గదికి వెళ్లి చెప్పింది. ఎప్పుడు వెళ్లాలని అడిగాడు. చెప్పింది. వెళ్లేలోపు ఇంకొకరికి పని నేర్పించి వెళ్లమన్నాడు. మిషన్ నడపడం ఇక్కడ అందరికీ వచ్చు కదా సార్ అంది ఈమె.

"మిషన్ కాదమ్మా," అన్నాడాయన. "నాకు ఎదురుగా నిలబడి కాదని చెప్పడం. అది ఎవరికీ రాదు."